శ్రీలంక టూర్‌లో మీరిచ్చే డాలరు అక్కడి ఆసుపత్రి దాకా ఎలా వెళ్తుంది?

మూసారాంబాగ్ మెట్రో స్టేషన్‌లో దిగి దిల్‌సుఖ్‌నగర్ వైపు నడుస్తుంటే ట్రావెల్స్ బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. కాశీ, చార్‌ధామ్, అరుణాచలం టూర్ల సరసన ఇప్పుడు శ్రీలంక కూడా చేరింది. శాంకరీదేవి దర్శనం, సీతమ్మ గుడి, కొలంబోలో షాపింగ్, అయిదు రాత్రులు, ఆరు రోజులు. మీ అపార్ట్‌మెంట్‌లో ఎవరో ఒకరు ఇప్పటికే వెళ్లొచ్చి ఉంటారు. లేదంటే వాట్సాప్ గ్రూపులో పేరు ఇచ్చి ఉంటారు.

తెలుగువాళ్లు అక్కడికి వెళ్లడానికి ప్రత్యేకమైన కారణం ఉంది. అష్టాదశ శక్తిపీఠాల వరసలో మొదటి పేరు లంకలోని శాంకరిది. అలంపురం జోగులాంబ, శ్రీశైలం భ్రమరాంబ, పిఠాపురం పురుహూతిక, ద్రాక్షారామం మాణిక్యాంబ గుళ్లు తిరిగొచ్చినవాళ్లకు ఆ మొదటిదీ చూసేయాలని ఉంటుంది. విమానం కూడా కలిసొచ్చింది. 2017 జులైలో శ్రీలంకన్ ఎయిర్‌లైన్స్ హైదరాబాద్‌కు సర్వీసు మొదలుపెట్టింది. 2023 నవంబరు నుంచి ఇండిగో కూడా హైదరాబాద్–కొలంబో మధ్య నేరుగా తిప్పడం మొదలుపెట్టింది. అదే ఏడాది చివర్లో శ్రీలంక ప్రభుత్వం మనవాళ్లకు వీసా ఫీజు తీసేసింది.

ఇదే దేశంలో 2022లో పెట్రోలు బంకుల ముందు జనం రోజుల తరబడి నిలబడ్డారు. క్యూలోనే కుప్పకూలి కొందరు పెద్దవాళ్లు చనిపోయారు. ఆసుపత్రిలో మందుల్లేక ఆపరేషన్లు ఆగాయి. ఆ క్యూలకూ, మీకు మాఫీ చేసిన వీసా ఫీజుకూ సంబంధం ఏమిటి? మీరు అక్కడ ఖర్చుపెట్టే డబ్బు ఏ దారిన పోతే ఆ ఆసుపత్రికి చేరుతుంది, ఏ దారిన పోతే చేరదు? ఈ వారం ఆ లెక్క చూద్దాం.

ద్వీపానికి డాలరు ఎందుకంత ముఖ్యం?

మనకు ఉల్లిగడ్డ మహారాష్ట్ర నుంచి లారీలో వస్తుంది, రూపాయల్లో కడతాం. శ్రీలంక ద్వీపం. పెట్రోలు, వంటగ్యాసు, గోధుమలు, పాలపొడి, మందులు అన్నీ ఓడలోనే రావాలి. ఓడవాడు శ్రీలంక రూపాయి తీసుకోడు, డాలరే కావాలంటాడు. అక్కడ వాడే మందుల్లో ఎనభై శాతానికి పైగా దిగుమతి చేసుకున్నవే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో వైద్యం ఉచితం, బడిలో చదువు ఉచితం. దక్షిణాసియాలో ఈ రెండింటిలోనూ మంచి పేరున్న దేశం అది. కానీ ఆ ఉచిత ఆసుపత్రిలోని ఇంజెక్షన్ కూడా ఎవరో ఒకరు సంపాదించిన డాలరుతోనే రావాలి.

ఆ డాలర్లు ప్రధానంగా మూడు చోట్ల నుంచి వస్తాయి. బట్టలు, టీ వంటి ఎగుమతులు ఒకటి. గల్ఫ్ తదితర దేశాల్లో పనిచేసేవాళ్లు ఇంటికి పంపే డబ్బు రెండోది (నిజామాబాద్, జగిత్యాల వాళ్లకు దీని గురించి చెప్పక్కర్లేదు). మూడోది పర్యాటకం.

2018 లెక్క చూడండి. ఆ ఏడాది శ్రీలంక దిగుమతులు ఎగుమతుల కంటే సుమారు 1,030 కోట్ల డాలర్లు ఎక్కువ. ఇది ఆ దేశానికి ఏటా ఉండే లోటే. విదేశాల్లో ఉన్నవాళ్లు పంపింది సుమారు 700 కోట్ల డాలర్లు. పర్యాటకులు ఇచ్చింది 438 కోట్ల డాలర్లు. రెండూ కలిపితే లోటు పూడి కొంచెం మిగిలింది. అప్పులు, వడ్డీలు వేరే ఉన్నాయి కాబట్టి సుఖంగా ఉందని అనలేం. రోజువారీ సరుకు ఓడకు మాత్రం డబ్బు దొరికేది.

పంతొమ్మిది వేల నుంచి 23 లక్షల దాకా

ఈ 438 కోట్లు ఒక్కరోజులో వచ్చినవి కావు. 1966లో సిలోన్ టూరిస్ట్ బోర్డు పెట్టినప్పుడు ఏడాదికి వచ్చిన విదేశీయులు పంతొమ్మిది వేలకు కాస్త తక్కువ. 1982 నాటికి నాలుగు లక్షలు దాటారు. మరుసటి ఏడాది జులైలో తమిళుల మీద దాడులు, ఆ వెంటనే అంతర్యుద్ధం. 1987 వచ్చేసరికి పర్యాటకులు సగానికి పైగా తగ్గిపోయారు. 2004 డిసెంబరులో సునామీ దక్షిణ, తూర్పు తీరాల హోటళ్లను ఊడ్చేసింది. 2009 మేలో యుద్ధం ముగిసే నాటికి కూడా ఏడాదికి నాలుగున్నర లక్షల మందే. అంటే పాతికేళ్లకు పైగా కష్టపడి 1982 దగ్గరే నిలబడ్డారన్నమాట.

ఆ తర్వాతే అసలు పెరుగుదల. తొమ్మిదేళ్లలో అయిదింతలై 2018లో 23.3 లక్షలకు చేరింది. మూసి ఉంచిన తూర్పు తీరం, జాఫ్నా తెరుచుకున్నాయి. శాంకరీదేవి గుడి ఉన్న ట్రింకోమలి ఆ తూర్పు తీరంలోనే ఉంది. పాత కోణేశ్వర ఆలయాన్ని పదిహేడో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు కూలగొట్టారు. ఇప్పుడు మనం చూసేది తర్వాత కట్టుకున్నది. యుద్ధకాలంలో హైదరాబాద్ నుంచి కుటుంబంతో అక్కడికి వెళ్లడం ఊహకు కూడా అందని మాట. ఇప్పుడు ఏసీ వ్యాన్‌లో పులిహోర డబ్బాతో వెళ్లొస్తున్నారు.

ఆ దశలో హోటళ్లు, గైడ్లు, డ్రైవర్లు, కూరగాయలు సరఫరా చేసేవాళ్లు అందర్నీ కలిపితే పర్యాటకం మీద బతికేవాళ్లు నాలుగు లక్షలకు దగ్గర్లో ఉండేవారు. హోటల్ బిల్లులో పది శాతం సర్వీస్ చార్జి వేసి, దాన్ని సిబ్బందికి పంచే పద్ధతి అక్కడ ఉంది. సీజన్ బాగుంటే గది సర్దే అమ్మాయికి జీతంతో పాటు ఆ వాటా చెప్పుకోదగినంత వస్తుంది. గదులు ఖాళీ అయితే జీతం ఒక్కటే మిగులుతుంది.

2019 ఏప్రిల్ 21 తర్వాత

ఆ ఈస్టర్ ఆదివారం మూడు చర్చిల్లో, కొలంబోలోని మూడు పెద్ద హోటళ్లలో ఆత్మాహుతి బాంబులు పేలాయి. 260 మందికి పైగా చనిపోయారు. అందులో విదేశీయులు నలభై మందికి పైగా ఉన్నారు. దాడి చేసినవాళ్లు హోటళ్లను ఎంచుకోవడంలో లెక్క ఉంది. దేశానికి డాలరు వచ్చే ద్వారం అదే కదా. ఆ ఏడాది మొత్తం ఆదాయం 360 కోట్ల డాలర్లకు తగ్గింది. తేరుకుంటుండగానే కరోనా వచ్చింది. 2020లో 68 కోట్లు. 2021లో కేవలం 51 కోట్లు. 438 కోట్ల చోట 51 కోట్లు!

ఇక్కడ ఒక విషయం తేల్చుకోవాలి. శ్రీలంక దివాలాకు పర్యాటకం పడిపోవడమే కారణమని అప్పటి పాలకులు పదేపదే చెప్పారు. అది సగం నిజం. 2019 డిసెంబరులో గొటబాయ రాజపక్స ప్రభుత్వం వ్యాట్‌ను 15 నుంచి 8 శాతానికి కోసేసింది. ఖజానా అక్కడే ఎండడం మొదలైంది. 2021లో రసాయన ఎరువులను ఒక్కసారిగా నిషేధించింది. వరి పడిపోయింది, టీ దెబ్బతింది. నవంబరులో నిషేధం ఎత్తేసినా అప్పటికి పంటకాలం పోయింది. రేటింగ్ సంస్థలు గ్రేడు తగ్గించడంతో కొత్త అప్పు పుట్టలేదు. పాత అప్పుల కిస్తీలు మాత్రం ఆగకుండా కట్టారు, ఉన్న నిల్వలన్నీ ఊడ్చి మరీ. మాల్దీవుల్లోనూ కరోనాకు విమానాలు ఆగాయి, మారిషస్‌లోనూ ఆగాయి. వాళ్లు ఇలా చేతులెత్తేయలేదు.

రూపాయి విలువ విషయంలో చేసిన పని అన్నింటికంటే ఆశ్చర్యం కలిగిస్తుంది. 2021లో డాలరుకు దాదాపు 200 రూపాయలే అని కేంద్ర బ్యాంకు బిగించి కూర్చుంది. బయట మార్కెట్లో అంతకంటే ఎక్కువ పలుకుతోంది. మీరు దుబాయ్‌లో డ్రైవర్ అయితే ఏం చేస్తారు? ఎక్కువ ఇచ్చేవాడి ద్వారానే పంపుతారు. మన హవాలా లాంటిదాన్ని అక్కడ ఉండియల్ అంటారు. ఇంటికి డబ్బు చేరింది, కానీ డాలరు దేశంలోకి రాలేదు. ప్రవాసుల పంపకాలు 2020లో 710 కోట్ల డాలర్లు ఉంటే, 2021లో 549 కోట్లకు పడ్డాయి.

మళ్లీ ఆ కూడికే వేయండి. 2021 వాణిజ్య లోటు సుమారు 814 కోట్లు. ప్రవాసులు 549, పర్యాటకులు 51. మొత్తం 600 కోట్లు. 214 కోట్ల డాలర్లు తక్కువ, కట్టాల్సిన అప్పు వేరే.

మందుల షాపు దాకా వచ్చిన లోటు

2022 మార్చిలో కాగితం, సిరా దిగుమతికి డాలర్లు లేవని పశ్చిమ రాష్ట్రంలో స్కూలు పరీక్షలు వాయిదా వేశారు. నెలాఖరుకు రోజుకు పదమూడు గంటల కరెంటు కోత. మార్చి 29న క్యాండీ దగ్గరి పేరాదెణియ బోధనాసుపత్రి ముందే తేదీ ఇచ్చిన ఆపరేషన్లను మందుల్లేక నిలిపివేసింది. ఆ వార్త చూసి మన విదేశాంగ మంత్రి జైశంకర్ ఎలా సాయం చేయొచ్చో చూడమని కొలంబోలోని మన హైకమిషనర్‌ను కోరారు. మలక్‌పేటలోనో కొత్తపేటలోనో పెద్దాసుపత్రి గేటుకు 'ఈ వారం ఆపరేషన్లు లేవు, మత్తుమందు రాలేదు' అని కాగితం అంటించి ఉందనుకోండి. డాక్టరు ఉన్నాడు, థియేటర్ ఉంది, బెడ్ ఉంది. లేనిది డాలరు.

ఏప్రిల్ 12న విదేశీ అప్పులు కట్టలేమని ప్రభుత్వం ప్రకటించింది. మే నాటికి వాడుకోదగ్గ విదేశీ మారక నిల్వ అయిదు కోట్ల డాలర్ల కంటే తక్కువే ఉందని ఆర్థిక మంత్రి పార్లమెంటులో చెప్పారు. రెండు కోట్లకు పైగా జనాభా ఉన్న దేశం అది. తలకు రెండున్నర డాలర్లు కూడా రావు. జులైలో జనం అధ్యక్ష భవనంలోకి చొచ్చుకుపోయారు. గొటబాయ సైనిక విమానంలో మాల్దీవులకు, అక్కడి నుంచి సింగపూర్‌కు పారిపోయారు.

ఆ రోజుల్లో కూడా శ్రీలంక పర్యాటకుణ్ని వదులుకోలేదు. పౌరులకు క్యూఆర్ కోడ్‌తో వారానికి ఇన్ని లీటర్లని పెట్రోలు రేషన్ పెట్టారు. విదేశీ పర్యాటకుల కోసం విడిగా టూరిస్ట్ ఫ్యూయల్ పాస్ తెచ్చారు. సొంత జనం క్యూలో ఉండగా టూరిస్టు వ్యాన్‌కు ముందు డీజిలా అని మీకు కోపం రావచ్చు. అక్కడా చాలామందికి వచ్చింది. కానీ ఆ వ్యాన్ తిరిగితేనే తర్వాతి ట్యాంకరుకు డాలర్లు వస్తాయి. ప్రజాసేవల్లో ఎవరికి ముందు అన్న ప్రశ్న ఇంత పచ్చిగా ఎదురవడం అరుదు. నా మటుకు నేను ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేను. ఆ పరిస్థితి తెచ్చిపెట్టినవాళ్లనే తప్పుపడతాను.

భారత్ ఆ ఏడాది ఇంధనం, మందులు, ఆహారానికి ఇచ్చిన రుణాలు, వాయిదాలు కలిపి సుమారు 400 కోట్ల డాలర్లు. చూశారా, 2018లో పర్యాటకులు ఇచ్చిన మొత్తానికి దాదాపు సమానం. 2023 మార్చిలో ఐఎంఎఫ్ నాలుగేళ్ల కార్యక్రమం కింద దాదాపు 300 కోట్ల డాలర్ల రుణానికి ఒప్పుకుంది.

మళ్లీ లేచింది, మనవాళ్లతో

మొదట రష్యన్లు, ఉక్రెయిన్ వాళ్లతో నడుద్దామనుకున్నారు. 2022 ఫిబ్రవరిలో ఆ రెండు దేశాల మధ్య యుద్ధం మొదలైంది. జూన్‌లో ఒక కేసులో ఏరోఫ్లోట్ విమానాన్ని కొలంబోలో కోర్టు ఆపడంతో ఆ సంస్థ సర్వీసులే నిలిపేసింది. దూరపు దేశాల మీద ఆధారపడటం ఎంత ప్రమాదమో తెలిసొచ్చింది. పక్కనే ఉన్న భారత్ వైపు చూశారు. 2023 అక్టోబరులో భారత్, చైనా, రష్యా సహా ఏడు దేశాలకు ప్రయోగాత్మకంగా వీసా ఫీజు తీసేశారు. తర్వాత గడువు పెంచుకుంటూ పోయారు.

ఫలితం కనిపించింది. 2022లో 7.2 లక్షలు, 2023లో 14.9 లక్షలు, 2024లో 20.5 లక్షల మంది వచ్చారు. 2024లో వచ్చినవాళ్లలో 4.17 లక్షల మంది భారతీయులు. ప్రతి అయిదుగురిలో ఒకరు మనవాళ్లే. ఆదాయం 317 కోట్ల డాలర్లు. ప్రవాసులు పంపింది 658 కోట్లు. వాణిజ్య లోటు 607 కోట్లు. లోటు తగ్గడానికి ఇంకో కారణం కూడా ఉంది, 2020 నుంచి కార్ల దిగుమతి ఆపేశారు. సొంత వాహనాల దిగుమతికి 2025 ఫిబ్రవరిలోగానీ తిరిగి అనుమతి రాలేదు. అక్కడ మీరెక్కే వ్యాన్ కొంచెం పాతదిగా అనిపిస్తే డ్రైవర్‌ను విసుక్కోకండి.

ఈ అంకెల్లో ఒక చిక్కు దాగుంది. 2018లో ఒక్కో పర్యాటకుడి నుంచి సగటున 1,870 డాలర్లు వచ్చాయి. 2024లో భాగిస్తే 1,540 డాలర్లే. జనం తిరిగొచ్చారు, డబ్బు అంతగా రాలేదు. దగ్గరి దేశం నుంచి వచ్చేవాళ్లు తక్కువ రోజులుంటారు. నెలరోజులు బీచ్‌లో ఉండే జర్మన్ వేరు, శుక్రవారం వెళ్లి బుధవారం డ్యూటీకి వచ్చేసే మనం వేరు. ఇందులో మనం సిగ్గుపడాల్సింది లేదు, జర్మన్‌కు ఉన్నన్ని సెలవులు మనకు లేవు. కానీ తలలు లెక్కపెట్టి పండగ చేసుకునే ప్రభుత్వం ఈ రెండో అంకె కూడా చూసుకోవాలి. మన రాష్ట్రాల పర్యాటక శాఖల ప్రకటనలకూ ఇదే మాట వర్తిస్తుంది.

వీసా కౌంటర్ దగ్గర రభస

పర్యాటకం మీద బతికే దేశంలో వీసా ఇచ్చే ఆఫీసు ప్రజాసేవల్లో మొదటిది. 2024లో శ్రీలంక దాన్నే చెడగొట్టుకుంది. అప్పటిదాకా ఈటీఏ అనే సొంత ఆన్‌లైన్ వ్యవస్థ ఉండేది. సజావుగా నడుస్తోంది. ఆ ఏప్రిల్‌లో దాన్ని పక్కనపెట్టి ప్రైవేటు సంస్థల కూటమికి అప్పగించారు. వీసా ఫీజు మీద 18.50 డాలర్ల సర్వీస్ చార్జి, అది చాలదన్నట్టు మరో ఏడు డాలర్ల సౌకర్య రుసుము వచ్చి పడ్డాయి. మే నెల మొదట్లో కొలంబో విమానాశ్రయంలో ఒక ప్రయాణికుడు కౌంటర్ ముందు గొడవపడ్డ వీడియో దేశమంతా తిరిగింది. టెండరు పద్ధతి పాటించలేదంటూ ఎంపీలు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆగస్టు 2న కోర్టు ఆ ఒప్పందాన్ని నిలిపివేసి పాత ఈటీఏను తిరిగి పెట్టమంది. పెట్టలేదు. సెప్టెంబరులో వలస శాఖ అధిపతిని కోర్టు ధిక్కారం కింద జైలుకు పంపాక, అప్పుడు పాత వ్యవస్థ తిరిగొచ్చింది.

ఇదే శాఖ దగ్గర అదే కాలంలో ఖాళీ పాస్‌పోర్టు పుస్తకాలు అయిపోయాయి. గల్ఫ్‌కో కొరియాకో పోయి బతుకుదామనుకున్న సొంత పౌరులు రాత్రుళ్లు ఆఫీసు ముందు పడుకున్నారు. లోపలికి వచ్చే డాలరుకూ, బయటికి వెళ్లి పంపే డాలరుకూ రెండింటికీ తలుపు ఒకే శాఖ. ఆ రెండూ ఒకే ఏడాది మొరాయించాయి.

మాల్దీవుల్లో వేరే లెక్క

మాల్దీవులకు వెళ్లినవాళ్లు బిల్లు జాగ్రత్తగా చూసి ఉంటే గ్రీన్ టాక్స్ అని ఒక వరస కనిపిస్తుంది. 2015 నవంబరులో రాత్రికి మనిషికి ఆరు డాలర్లతో మొదలైంది. 2025 జనవరి నుంచి రిసార్టుల్లో పన్నెండు, జనం నివసించే ద్వీపాల్లోని చిన్న గెస్ట్‌హౌస్‌లలో ఆరు. దీనిమీద పర్యాటక జీఎస్‌టీ వేరు. అయిదు లక్షల జనాభా ఉన్న ఆ దేశానికి 2024లో ఇరవై లక్షల మందికి పైగా వచ్చారు. ప్రభుత్వ ఆదాయంలో పెద్ద భాగం ఈ పన్నులు, రిసార్టు ద్వీపాల లీజు అద్దెలే. 2012లో మొదలైన ఆసంధా అనే అందరికీ ఆరోగ్య బీమా పథకం ఆ ఖజానా మీదే నడుస్తోంది.

శ్రీలంకతో తేడా ఏమిటంటే, మాల్దీవుల రిసార్టులో మీ పళ్లెంలోని టమాట దగ్గర్నుంచి వడ్డించే కుర్రాడి దాకా చాలా భాగం దిగుమతే. వచ్చిన డాలరు మళ్లీ బయటికే పోతుంది. శ్రీలంకలో అన్నం, కూర, కొబ్బరి, టీ, డ్రైవరు, వంటమనిషి అన్నీ అక్కడివే. అందుకే ఒక్కో పర్యాటకుడు తక్కువ ఇచ్చినా ఊళ్లో మిగిలేది ఎక్కువ. 2024 జనవరిలో మన ప్రధాని మీద ముగ్గురు ఉపమంత్రులు పెట్టిన పోస్టులతో గొడవ రేగాక, అంతకుముందు ఏడాది మాల్దీవుల్లో మొదటి స్థానంలో ఉన్న భారతీయులు వెనక్కి వెళ్లారు, చైనావాళ్లు ముందుకొచ్చారు. ఆరోగ్య బీమాకు డబ్బిచ్చేవాడు ఫోన్‌లో ఒక పోస్టు చూసి టికెట్ రద్దు చేసుకోగలడన్నమాట.

చెరకు తోటల కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్ల సంతతి ఉన్న మారిషస్ దారి వీటికి వేరు. జనాభా పన్నెండు లక్షల పైచిలుకు, 2019లో పర్యాటకులు 13.8 లక్షలు. చక్కెరతో పాటు బట్టలు, ఆ తర్వాత బ్యాంకింగ్ కూడా పెంచుకున్నారు కాబట్టి కరోనా దెబ్బ తగిలినా ఓడ సరుకు ఆగలేదు.

మీ డబ్బు ఎవరికి చేరుతుంది?

మీరు మూసారాంబాగ్‌లో కట్టిన ప్యాకేజీ మొత్తం శ్రీలంకకు వెళ్లదు. విమాన టికెట్ ఎయిర్‌లైన్స్‌ది, ఏజెంటు కమీషన్ ఇక్కడే ఉంటుంది. తెలుగు వంటవాణ్ని వెంట తీసుకెళ్తే ఆ ఖర్చూ ఇక్కడిదే. అక్కడికి వెళ్లేది ప్రధానంగా హోటల్, వ్యాన్, ప్రవేశ టికెట్లు, మీ చేతిఖర్చు.

చేతిఖర్చు గురించి ఒక్కమాట. హోటల్ బయట నిలబడి 'డాలర్ సార్, మంచి రేటు' అనేవాడికి మీరు నోటు ఇస్తే అది బ్యాంకుకు చేరకపోవచ్చు. 2021లో దేశాన్ని ముంచినదాంట్లో ఇలా దారి తప్పిన డాలర్ల పాత్ర ఎంతో పైన చూశారు. బ్యాంకులోనో, లైసెన్సు ఉన్న మనీ ఛేంజర్ దగ్గరో మార్చి రసీదు తీసుకుంటే, లేదా కార్డు గీస్తే, ఆ డాలరు బ్యాంకుల ఖాతాలోకి వెళ్తుంది. మందుల ఓడకు పనికొచ్చేది అదే. 2024 ఫిబ్రవరి 12 నుంచి శ్రీలంకలో మన యూపీఐ కూడా పనిచేస్తోంది. లంకా క్యూఆర్ ఉన్న షాపుల్లో స్కాన్ చేయొచ్చు. అన్ని చోట్లా ఉండదు, ముఖ్యంగా కొండ ఊళ్లలో. కాస్త నగదు దగ్గర పెట్టుకోండి.

సిగిరియా కొండ ఎక్కడానికి విదేశీయులకు టికెట్ ముప్పై డాలర్లకు పైనే. సార్క్ దేశాలవాళ్లకు తగ్గింపు ఉంది, కౌంటర్‌లో పాస్‌పోర్టు చూపించి అడగాలి. ఆ డబ్బు 1980లో పెట్టిన సెంట్రల్ కల్చరల్ ఫండ్‌కు వెళ్తుంది, దాంతోనే కట్టడాల మరమ్మతులు చేస్తారు. సీతా ఎలియలోని సీతమ్మ గుడికి 2024 మేలో కుంభాభిషేకం జరిగింది, అయోధ్య నుంచి సరయూ జలం పంపారు. దాని తర్వాత నువారా ఎలియ దారిలో తెలుగు మాటలు వినిపించడం ఎక్కువైందని వెళ్లొచ్చినవాళ్లు చెబుతున్నారు.

తెలుగు మాట వినపడే ఇంకో చోటు టూర్ ప్యాకేజీల్లో ఉండదు. అనురాధపురం జిల్లాలోని కుదాగమ వంటి ఊళ్లలో అహికుంటకులనే సమూహం ఉంది. ఇంట్లో ఒక తెలుగు మాండలికం మాట్లాడతారు. పాములాడించడం, చెయ్యి చూసి జోస్యం చెప్పడం వాళ్ల పాత వృత్తులు. పర్యాటక స్థలాల్లో పాముతో ఫొటో తీయించుకుని మనం ఇచ్చే చిల్లర, ఈ 317 కోట్ల డాలర్లలో వాళ్లకు నేరుగా దక్కే వాటా. సర్వీస్ చార్జి లేదు, జీతం లేదు. పర్యాటకం పెరిగిందన్న ప్రతి అంకె కిందా ఇలాంటివాళ్లు ఉంటారు, వాళ్ల లెక్క ఎవరి పట్టికలోనూ రాదు.

వెళ్లేముందు

ఫీజు ఉన్నా లేకున్నా ఈటీఏ తీసుకునే బయల్దేరండి. ప్రభుత్వ సైటు చిరునామా ఈటీఏ డాట్ జీఓవీ డాట్ ఎల్‌కే. గూగుల్‌లో వెతికితే అదే పేరుతో డబ్బులు గుంజే ప్రైవేటు సైట్లు పైన కనిపిస్తాయి, చివర్లో 'జీఓవీ డాట్ ఎల్‌కే' ఉందో లేదో చూసుకోండి. ఫీజు నిబంధనలు అక్కడ తరచూ మారుతున్నాయి కాబట్టి పక్కింటివాళ్లు ఆర్నెల్ల కిందట చెప్పినదాన్ని నమ్ముకోకుండా టికెట్ కొనే రోజున అదే సైటులో చూసుకోండి.

ప్యాకేజీ బిల్లులో టీసీఎస్ అని వేస్తే అది శ్రీలంక పన్ను కాదు, మన ఆదాయపు పన్ను శాఖది. 2025–26 ఆర్థిక సంవత్సరంలో అది ఏడాదికి పది లక్షల రూపాయల దాకా అయిదు శాతం, ఆపైన ఇరవై శాతం ఉండేది. మీ పాన్ నంబరు మీదే జమైందో లేదో చూసుకుని, రిటర్న్ వేసేటప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు. చాలామంది ఇది ఏజెంటు చార్జి అనుకుని వదిలేస్తున్నారు.

ట్రింకోమలి కొలంబో నుంచి దాదాపు 260 కిలోమీటర్లు. కొన్ని ప్యాకేజీలు పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చేలా పెడుతున్నాయి. పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే అక్కడే ఒక రాత్రి ఉండేలా అడగండి. నడుములకూ మంచిది, పాతికేళ్లకు పైగా యుద్ధం చూసిన ఆ ఊళ్లో ఒక గదికీ రెండు పూటల భోజనానికీ మీ డబ్బు అందుతుంది.